ఐదో గుంజ అవతల నాకేమీ కనబడలేదు

నేను రోజూ పొద్దున్నే గట్టు మీద నడిచే చెరువులో వరసగా పాతిన పన్నెండు కర్ర గుంజలు ఉన్నాయి. ఎప్పుడో పడవలు కట్టుకోవడానికి పాతినవి. ఇప్పుడు పడవలూ లేవు, తాళ్లూ లేవు. గుంజకీ గుంజకీ మధ్య దాదాపు పది మీటర్ల ఎడం. మొదటిది ఒడ్డుకి దగ్గర, పన్నెండోది బాగా లోపల. ఆకాశం తేటగా ఉన్న రోజు పన్నెండూ కనిపిస్తాయి, వాటి వెనక అవతలి గట్టు, గట్టు మీది చెట్లు కూడా. పొగమంచు పట్టిన రోజు మాత్రం ఎన్ని కనబడతాయో అక్కడికి వెళ్తే గాని తెలీదు. అందుకే కెమెరా బయటికి తీసే ముందు వాటిని లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఫోన్‌లో తేదీ వేసి పక్కన ఆ అంకె రాసుకుంటాను. ఏడు. నాలుగు. పదకొండు. ఒక్కోసారి ఒకటే.

ఐదు గుంజలు కనబడ్డ ఒక రోజు గురించి చెప్పాలి.

ఆ రోజు గాలి బొత్తిగా లేదు. నీళ్లు ఎక్కడ ఆగాయో, పొగమంచు ఎక్కడ మొదలైందో తెలీకుండా రెండూ ఒకే రంగులో కలిసిపోయాయి. మొదటి గుంజ నల్లగా, దాని మొదట్లో పట్టిన పాచి కూడా తెలిసేంత స్పష్టంగా ఉంది. రెండోది బొగ్గు రంగు. మూడోది బూడిద రంగు. నాలుగోది పెన్సిల్‌తో గీసి వేలితో రుద్దినట్టుంది. ఐదోది ఉందో లేదో అన్నట్టుంది. పక్కకి చూస్తే ఉన్నట్టు తోచేది, సూటిగా దాని మీదే చూపు నిలిపితే పోయేది. నేను ఆ ఫొటో తీసింది ఆ ఐదో గుంజ కోసమే. అక్కడ నిలబడ్డ పావుగంటా నా కళ్లు దానితోనే దోబూచులాడాయి.

తరవాత కొన్నాళ్లకి ఒక చిన్న ప్రదర్శనకి ఫొటోలు అడిగితే అదే పంపాను. పేరు ‘ఐదు’ అని పెట్టాను. ప్రారంభం రోజు వెళ్లి చూద్దును కదా, గోడ మీద ఫొటోలో గుంజలు ఏడు ఉన్నాయి. మొదటి ఐదూ నిన్ననే పాతినట్టు నల్లగా, గట్టిగా ఉన్నాయి. వాటి వెనక నేనెప్పుడూ చూడని మరో రెండు, చుట్టూ మచ్చలు మచ్చలుగా గరుకుతనం. కింద చీటీ మీద మాత్రం ‘ఐదు’ అనే ఉంది. నిర్వాహకుల్లో ఒకాయన నా పక్కకొచ్చి, “కాస్త డల్‌గా ఉందండీ, మంచు మరీ ఎక్కువైపోయింది. ప్రింట్ వేయించేటప్పుడు క్లియర్ చేయించాం. ఇప్పుడు బావుంది కదా?” అన్నారు. ఆయన మంచి మనసుతోనే చేయించారు, అందులో నాకు అనుమానం లేదు. థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. ఆ రోజు నోరు పెగల్లేదు కాబట్టి, చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

పొగమంచుని ఫొటో మీద పడ్డ దుమ్ములా చూడటం తప్పు. ఆ పొద్దున నా ముందున్న వస్తువుల్లో గుంజలెంత నిజమో పొగమంచూ అంతే నిజం. ఫొటో నిండా ఉన్నదే అది. దాన్ని తుడిచేశాక మిగిలింది ఇంకో ఫొటో, ఇంకో రోజుది, ఇంకెవరో తీసింది.

ఇది కవిత్వం కోసం అంటున్న మాట కాదు. ఆ ఐదు గుంజల వెనక ఒక లెక్క ఉంది. పొగమంచు అంటే గాలిలో తేలే నీటి బిందువులు. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ బిందువుల్లో చాలా వాటి అడ్డుకొలత 10, 20 మైక్రాన్లు. ఒక ఘనపు మీటరు పొగమంచులో ఉన్న నీళ్లన్నీ పిండితే సాధారణంగా అర గ్రాము కూడా రావు. అంత కొంచెం నీటికి ఒక గట్టునీ, దాని మీది చెట్లనీ మాయం చేసే శక్తి ఎక్కడిదంటే, ఆ బిందువులు లెక్కలేనన్ని కాబట్టి. ప్రతి బిందువూ తన మీద పడ్డ వెలుగుని చెదరగొడుతుంది. కాంతి తరంగం కంటే అవి చాలా పెద్దవి కనక అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అందుకే పొగమంచు తెల్లగా ఉంటుంది. ఈ చెదరడం లెక్కని గుస్టావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త 1908లో రాసి పెట్టాడు.

మనం గుంజ వైపు చూస్తున్నప్పుడు, మనకీ గుంజకీ మధ్య ఉన్న బిందువులు కూడా మన కంట్లోకి వెలుగు పంపుతూ ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ మధ్యలో బిందువులు ఎక్కువ, అవి పంపే వెలుగూ ఎక్కువ. నల్లటి కర్ర మీద ఆ వెలుగంతా వచ్చి పడి బూడిద రంగుకి తిరుగుతుంది. ఇంకా దూరమైతే వెనకున్న తెలుపుకీ దానికీ తేడా ఉండదు. ఈ తేడా తగ్గే తీరు కూడా ఒక పద్ధతిలో ఉంటుంది. ఆ రోజు మొదటి గుంజకీ దాని వెనక తెలుపుకీ తేడా 50 శాతం అనుకోండి. ప్రతి పది మీటర్లకీ అది సగమవుతుందనుకుంటే రెండో గుంజ దగ్గర 25, మూడోదాని దగ్గర 12 చిల్లర, నాలుగో దాని దగ్గర 6, ఐదో దాని దగ్గర 3. ఆరోది ఒకటిన్నర. దృశ్యదూరం లెక్కల్లో మనిషి కన్ను పోల్చుకోగల కనీస తేడాని మామూలుగా 2 శాతంగా తీసుకుంటారు. హరాల్డ్ కోష్మీడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1924లో ఇచ్చిన సిద్ధాంతం మీదే ఆ లెక్కలు నిలబడి ఉన్నాయి. అంటే ఐదో గుంజ నా చూపు హద్దుకి ఇటు అంచున ఉంది. ఆరోది హద్దు దాటిపోయింది. పక్కకి చూస్తే ఉండి, సూటిగా చూస్తే పోయిన ఆ గుంజ నా కంటికి ఆ పొద్దున గీసిన గీత. ఆ గీతని చెరిపేసి రెండు గుంజలు కలపడం అంటే, ఆ పొద్దున ఎంత చిక్కటి పొగమంచు పట్టిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని తీసేయడం.

మరి కంటికి కనబడని ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి? సృష్టించినవి కావు. కెమెరా సెన్సర్ కంటి కంటే చిన్న తేడాల్ని నమోదు చేస్తుంది. రా ఫైల్‌లో, అంటే కెమెరా ఏ మెరుగూ దిద్దకుండా దాచిన ఫైల్‌లో, ఒక శాతం తేడా కూడా దాగి ఉంటుంది. ఎడిటింగ్‌లో మంచుని పలచబరిచే డీహేజ్ అనే స్లైడర్ దాన్ని పైకి లాగుతుంది. ఇలాంటి సాధనాలకి దారి చూపిన పరిశోధనల్లో పేరున్నది 2009లో కైమింగ్ హే, మరో ఇద్దరు ప్రచురించిన పద్ధతి. దాని వెనక ఆలోచన చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. తేటగా ఉన్న రోజు ఆరుబయట తీసిన ఫొటోని చిన్న చిన్న గళ్లుగా విడగొడితే, ఆకాశం తప్ప దాదాపు ప్రతి గడిలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఈ మూడింట్లో ఏదో ఒకటి బాగా తక్కువగా ఉన్న చుక్క ఒకటైనా ఉంటుంది. నీడో, ఆకో, చెట్టు బెరడో. ఆ గడిలో అంతటి నలుపు ఎక్కడా లేదంటే, దాని మీద ఎంత మంచు పడిందో ఆ లోటే చెబుతుంది. అంత తీసేస్తే సరి.

రోడ్డు మీద వాహనం నడిపే కెమెరాకి ఇది ప్రాణం కాపాడే పని. నేను దాన్ని కాదనను. కానీ ఆ పద్ధతి ఒక ప్రశ్న అడగదు: ఇక్కడ మంచు అడ్డమా, విషయమా? పెద్ద తెల్లటి వస్తువు ఎదురైతే తమ పద్ధతి తడబడవచ్చని దాన్ని రాసినవాళ్లే చెప్పారు. నాకది ఒక తెల్లకొంగ దగ్గర అనుభవమైంది. పొగమంచులో, దగ్గర నుంచి, ఫ్రేమ్‌లో సగం నిండేలా తీసిన ఫొటో. తెలుపు మీద తెలుపు. ముక్కు ఒక్కటే పసుపు. తొలి రోజుల్లో నేనూ ఆ స్లైడర్‌ని అలవాటుగా కుడికి జరిపేవాణ్ణి. ఆ రోజు జరిపితే నా కళ్ల ముందే కొంగ మాసిపోయింది. రెక్కలు ఉతకని బట్ట రంగుకి తిరిగాయి, మెడ చుట్టూ నీలపు చార వచ్చింది. దాని తెలుపుని కూడా మంచే అనుకుని తీసేసింది. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అసలైన తెలుపుకీ, మధ్యలో వచ్చి చేరిన తెలుపుకీ తేడా అక్కడ నిలబడి చూసినవాళ్లకి తెలుసు, స్లైడర్‌కి తెలీదు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న ఉంది, అది బలమైనదే. కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచడం నిజాయితీ అంటే, కెమెరా మాత్రం నిజం చెబుతుందా? చెప్పదు. వెలుగుని కొలిచే ఎక్స్‌పోజర్ మీటరు తన ముందున్నదంతా సగటున మధ్యస్థపు బూడిద రంగు అనే అనుకుంటుంది. దాని ముందు తెల్లటి పొగమంచు పెడితే దాన్ని కూడా బూడిద రంగు చేసేస్తుంది. వేకువ వెలుతురులో మెరిసే తెలుపు కాస్తా మురికి సాయంకాలంలా వస్తుంది. అందుకే పొగమంచు రోజుల్లో ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా పెంచుతాను, ఫొటోలో వెలుగుచీకట్లు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ కుడి గోడకి తగలకుండా చూసుకుంటూ. రా ఫైల్ కూడా తెరవగానే చప్పగా ఉంటుంది. అందులో కాస్త కాంట్రాస్ట్ పెంచడం తప్పేం కాదు. మన కన్ను మసకకి అలవాటు పడి, ఉన్న కొద్ది తేడానే పెద్దగా చూస్తుంది. కెమెరాకి ఆ గుణం లేదు.

మరి హద్దు ఎక్కడ? అందుకే ఆ గుంజల లెక్క. నేను రాసుకున్న అంకె ఐదైతే ఫొటోలో ఐదు దాకా ఎంతైనా స్పష్టం చేసుకోవచ్చు. ఆరోది వచ్చిందంటే దాటేసినట్టే. చెరువు లేని చోట చెట్లు లెక్కపెట్టండి, స్తంభాలు లెక్కపెట్టండి, ఏమీ లేకపోతే ‘ఎడమవైపు గట్టు కనబడలేదు’ అని ఒక ముక్క రాసుకోండి. ఇంటికొచ్చి స్క్రీన్ ముందు కూర్చున్నాక జ్ఞాపకం ఎడిటింగ్ వైపే మొగ్గుతుంది. రెండు మూడు రోజులు పోతే గట్టు కనబడినట్టే గుర్తుంటుంది. అంకె మాత్రం మారదు.

పొగమంచు ఎప్పుడు పడుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు గాని, ముందు రాత్రి చూస్తే సగం తెలుస్తుంది. వాన కురిసి, సాయంత్రానికి మబ్బు విడిపోయి, రాత్రి చుక్కలు కనబడుతూ, గాలి పడిపోతే నేను అలారం ముందుకి జరుపుతాను. మబ్బు లేకపోతే నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ బిందువులుగా మారుతుంది. ఇది నేల మీద పుట్టి పల్లానికి, అంటే చెరువు వైపుకి, జారే పొగమంచు. ఒక కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే దాన్ని ఫాగ్ అనీ, అంతకు మించి కనబడితే మిస్ట్ అనీ వాతావరణ శాస్త్రం విడదీస్తుంది. నా గుంజల లెక్క ప్రకారం ఐదు కనబడ్డ రోజు చూపు అరవై మీటర్లు కూడా లేదు.

రెండో రకం నీళ్ల మీదే పుడుతుంది. నీరు నెమ్మదిగా చల్లారుతుంది. రాత్రంతా చలి వేసినా చెరువులో పగటి వెచ్చదనం మిగిలే ఉంటుంది. దాని మీదికి చల్లగాలి పాకితే, నీళ్ల నుంచి లేచిన ఆవిరి అక్కడికక్కడే మంచుగా మారి, పోగులు పోగులుగా పైకి లేస్తుంది. చూడ్డానికి చెరువు ఊపిరి వదులుతున్నట్టే ఉంటుంది. మోకాలి ఎత్తునో, నడుం ఎత్తునో ఆగిపోతుంది.

ఈ రెండింటికీ తేడా తెలిశాకే నాకు ఒక పెద్ద చిక్కు విడింది. ఆవిరి లేచే పొద్దుల్లో అవతలి చెట్లు చక్కగా కనబడుతుంటే నీళ్లలో వాటి నీడ ఎందుకు ఉండదు? చాలాకాలం అలల వల్ల అనుకున్నాను. కారణం అది కాదు. చెట్టు వైపు చూసే చూపు ఆవిరి పొర పైనుంచి వెళ్లిపోతుంది. నీడని చూడాలంటే చూపు నీటిదాకా దిగి, మళ్లీ పైకి లేవాలి. అంటే ఆ పొరని ఏటవాలుగా రెండుసార్లు దాటాలి. అంత మంచులో నీడ ముందే మునిగిపోతుంది. పొగమంచూ, నీడా రెండూ ఒకే ఫొటోలో కావాలని అందరం కోరుకుంటాం గాని, అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. రెండూ దొరికేది ఎప్పుడంటే, నేల మీద పుట్టిన పొగమంచు నీటి మీదనుంచి కాస్త పైకి లేచి, కింద ఒక తేట పొర మిగిలినప్పుడు. సూర్యుడు వచ్చిన కాసేపటికి ఇలా జరుగుతుంటుంది. ఒక్కోసారి పొద్దు పొడవగానే పొగమంచు పలచబడకపోగా ఇంకా చిక్కబడుతుంది. నేల మీది తుషారం ఆవిరై గాలిలో కలుస్తుంది, గాలిలో చిన్న కదలిక మొదలవుతుంది, కింద పల్చగా పరుచుకున్న మంచు పైదాకా లేస్తుంది. అప్పుడు విసిగి వెనక్కి తిరిగితే అసలు ఘడియ పోతుంది. నేను అలా చాలాసార్లు పోగొట్టుకున్నాను.

నీళ్లలో కనబడే బొమ్మని ప్రతిబింబం అనొచ్చు, రిఫ్లెక్షన్ అనొచ్చు. నాకు నీడ అన్న మాటే ఇష్టం. చెట్టు కింద నేల మీద పడేదీ నీడే, చెరువులో తలకిందులుగా కనబడేదీ నీడే. మన భాష ఈ రెంటికీ ఒకే మాట ఉంచుకోవడంలో ఒక నిజం ఉంది: నీళ్లలో బొమ్మ ఎప్పుడూ అసలు కంటే కాస్త మసకే. నీరు తన మీద పడ్డ వెలుగునంతా వెనక్కి ఇవ్వదు, కొంత లోపలికి తీసుకుంటుంది. ఎంత ఇస్తుందో, ఎంత ఉంచుకుంటుందో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1820లలో సమీకరణాలుగా రాశాడు. నిటారుగా కిందికి చూస్తే నీరు వెనక్కి ఇచ్చేది 2 శాతమే, అందుకే కాళ్ల దగ్గర నీళ్లలో అడుగున రాళ్లు కనబడతాయి. చూపు ఏటవాలయ్యేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది.

ఫొటో తీసేవాళ్లకి పనికొచ్చే లెక్క ఇది. కన్ను నీటికి 1.6 మీటర్ల ఎత్తున ఉండేలా నిలబడి, 10 మీటర్ల అవతలి నీళ్లని చూస్తే మన వైపు తిరిగొచ్చే వెలుగు 40 శాతం లోపు. కెమెరాని 40 సెంటీమీటర్ల ఎత్తుకి దించి, అదే 10 మీటర్ల అవతలి నీళ్లని చూస్తే 80 శాతానికి కాస్త తక్కువ. అంటే రెట్టింపు. ఫొటోగ్రఫీ భాషలో ఒక స్టాప్. నీడ మరీ ముదురుగా వచ్చిందని ఎడిటింగ్‌లో కింది సగాన్ని ఒక స్టాప్ పెంచేవాళ్లని చాలామందిని చూశాను. ఆ పెంపు మోకాళ్ల మీద కూర్చుంటే ఊరికే వస్తుంది. పైగా అది నీళ్లు ఇచ్చిన వెలుగు.

పోలరైజర్ ఫిల్టర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు నీటి మీదనుంచి తిరిగొచ్చే వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది. డేవిడ్ బ్రూస్టర్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త 1815లో తేల్చిన విషయం ఇది. ఆ వాలులో ఫిల్టర్ తిప్పితే నీడ మొత్తం మాయమైపోతుంది. చేపలు తీయడానికి బావుంటుంది, నీడలకి మాత్రం దాన్ని బ్యాగులో ఉంచడమే మంచిది.

నీడల విషయంలో నన్ను బాగా నొప్పించేది ఇంకోటి ఉంది. పై సగాన్ని కాపీ చేసి, తలకిందులు చేసి, కింద అతికించడం. లైకులు బాగా వస్తాయి, నిజమే. కానీ కాస్త చూడటం అలవాటైన ఎవరికైనా తెలిసిపోతుంది, ఎందుకంటే నీడ అసలుకి నకలు కాదు. మీరు నీటికి ఎంత ఎత్తులో ఉన్నారో, నీటి అడుగున అంతే లోతులో నిలబడి పైకి చూస్తే ఏం కనబడుతుందో నీడలో అదే కనబడుతుంది. అందుకే నీటి మీదికి వంగిన కొమ్మని చూస్తే పైన ఆకుల వీపులు, నీళ్లలో వాటి కడుపులు. ఒడ్డున వాలిన పడవకి పైన లోపలి బల్లలు కనబడితే, నీళ్లలో దాని అడుగు చెక్క కనబడుతుంది. గుంజ మీద కూర్చున్న నీటికాకిని ఒడ్డు మీద నుంచుని చూస్తే వీపూ, నీళ్లలో చూస్తే పొట్టా. అసలుని చూస్తే దొరకని వైపుని నీడ చూపిస్తోంది. దాన్ని కొట్టేసి, పైన ఉన్నదాన్నే మళ్లీ అతికించడం కంటే నష్టం ఏముంటుంది?

రంగుల్లో కూడా అంతే. తెల్లటివి నీళ్లలో కాస్త ముదురవుతాయి, బాగా నల్లటివి కాస్త పలచబడతాయి. మొదటి గుంజ నీడ ఎప్పుడూ గుంజంత నల్లగా ఉండదు, ఎందుకంటే నీటి లోపలి నుంచి వచ్చే వెలుగు కూడా అందులో కలుస్తుంది. గుంజ మొదట్లో, కర్రా నీళ్లూ కలిసే చోట, వేలెడు మందాన ఒక తడి పట్టీ ఉంటుంది. కర్ర కంటే, నీడ కంటే, రెంటి కంటే నల్లగా. ఆ పట్టీ దగ్గర తలకిందులయ్యే చోటు తెలుస్తుంది. అతికించిన నీడల్లో నేను ముందు చూసేది దాన్నే.

మిగతా జాగ్రత్తలు క్లుప్తంగా. ఆటోఫోకస్ తేడా కోసం వెతుకుతుంది, పొగమంచులో తేడా ఉండదు కాబట్టి లెన్స్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. దగ్గరి గుంజ అంచు మీద ఫోకస్ పట్టి మాన్యువల్‌లోకి మార్చుకోవాలి. నీడ మీద ఫోకస్ కావాలంటే నీటి మీద పెడితే కుదరదు, నీడకి ఫోకస్ దూరం అసలు వస్తువు దూరమే. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, నీళ్ల మీద తేలే ఆకునీ, పక్కనే ఉన్న చెట్టు నీడనీ ఒకేసారి స్పష్టంగా పట్టుకోబోయి నమ్మాను. రంగుల్ని సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే పొద్దు పొడవకముందు ఉండే నీలం మొత్తాన్ని కడిగేస్తుంది. పగటి వెలుగుకి, 5500 కెల్విన్ దగ్గర, కదలకుండా ఉంచితే ఆ నీలం మిగులుతుంది. చలిలో తిరిగిన కెమెరాని వెచ్చటి గదిలోకి తేగానే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. బ్యాగు జిప్ మూసే లోపలికి తెచ్చి, ఓ గంట అలా వదిలేయండి. ఇంకో మాట: ఫొటో కోసం పక్షుల్ని లేపకండి. చలి పొద్దున వాటికి ఒక్కసారి ఎగరడం అంటే చాలా ఖర్చు.

నేను మొండిగా ఒకే మాట పట్టుకున్నానని అనిపించకుండా, కాంట్రాస్ట్ గట్టిగా పెంచిన ఒక ఫొటో గురించి కూడా చెబుతాను. ఆ పొద్దున సూర్యుడు నా వీపు వెనక అప్పుడే లేచాడు, ఎదురుగా పొగమంచు. అందులో ఇంద్రధనుస్సులాంటి వంపు, కాని తెల్లగా, రంగులు లేకుండా. వాన చినుకుల కంటే పొగమంచు బిందువులు చాలా చిన్నవి కావడంతో ఒక్కో రంగూ వెడల్పుగా పరుచుకుని, ఒకదాని మీద ఒకటి పడి, కలిసి తెలుపైపోతాయి. ఆ తెల్ల ధనుస్సుని నేను అంతసేపూ కళ్లారా చూశాను. కెమెరాలో అది దాదాపు లేదు. తెరిచిన ఫైల్‌లో అంతా ఒకే తెలుపు. అక్కడ స్లైడర్ జరిపాను, వంపు బయటికి వచ్చేదాకా. నేను చూసింది చూపించడానికి జరిపాను కాబట్టి నా మనసుకి ఏ ఇబ్బందీ లేదు. ఐదు గుంజల ఫొటోలో ఆరోదాన్నీ ఏడోదాన్నీ నేను చూడలేదు. రెండు సందర్భాల్లోనూ స్లైడర్ ఒకటే. అక్కడ నుంచున్న మనిషి చూశాడా లేదా అన్నదొక్కటే తేడా.

ప్రదర్శన అయిపోయాక ఆ ప్రింట్ నాకు ఇచ్చేశారు. దాన్ని పారేయలేదు. నా దగ్గర ఉన్న ఫైల్‌తో ఇంకోటి వేయించాను, ఐదు గుంజలదే, గుడ్డలా గరుకుగా ఉండే మెరుపు లేని కాగితం మీద. ప్రింట్ వేసినతను మొదటి కాపీ చేతికిస్తూ, “ఇందులో నాలుగే ఉన్నాయి కదండీ” అన్నాడు. కాస్త పక్కకి చూడమన్నాను. చూశాడు. తరవాత ఇంకేమీ అనలేదు, కాగితాన్ని అటూ ఇటూ వంచుతూ చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

నిన్న పొద్దున కూడా పొగమంచు పట్టింది. వెళ్లేసరికి మూడు గుంజలు. మొదటిదాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది, దాని పొట్ట నీళ్లలో తెలుస్తోంది. తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాని నీటికి దించి, రెండో గుంజ మీద ఫోకస్ పెట్టుకుంటుండగా ఎక్కడో చిన్న గాలి కదిలి, మూడో గుంజ వెనక తెలుపు కాస్త పలచబడింది. నాలుగోది వచ్చింది. దాని నీడ కూడా, ఒక గీతలా. క్లిక్ నొక్కేసరికి మళ్లీ మూసుకుపోయింది. ఇంకో ఇరవై నిమిషాలు కూర్చున్నాను, రాలేదు.

ఫోన్ తీసి తేదీ పక్కన నాలుగు అని రాశాను. ఫొటోలో మూడే ఉన్నాయి.